కనెక్షన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పే టూల్: కర్ల్‌ మీద నా రివ్యూ

కర్ల్ (curl) అంటే కమాండ్ టైప్ చేసి ఏదైనా ఇంటర్నెట్ అడ్రస్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం. దాన్ని చాలామంది ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోడానికో, ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని అడిగే దారి) టెస్ట్ చేసుకోడానికో వాడతారు. నేను ఇక్కడ రాసేది ఆ రెండిటి గురించీ కాదు. "సైట్ ఓపెన్ అవట్లేదు", "డేటాబేస్ కనెక్ట్ అవట్లేదు", "నిన్నటిదాకా బానే ఉంది, ఇవాళ పొద్దున్నుంచి ఇలా ఉంది" అని ఫోన్లు వచ్చేటప్పుడు, కమాండ్ లైన్ తెరిచి అసలు గొడవ ఎక్కడుందో పట్టుకోవడానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్తాను. సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. కనెక్షన్ ఫెయిలైందంటే ముందు నా చెయ్యి కర్ల్ మీదకే పోతుంది, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే కమాండ్) మీదకి కాదు.

పింగ్ ఎందుకు కాదో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అందరూ అక్కడే ఇరుక్కుంటున్నారు. పింగ్ పంపేది ఐసీఎంపీ ప్యాకెట్, అంటే నెట్‌వర్క్ బాగోగులు చెప్పుకునే చిన్న సందేశం. మీ అప్లికేషన్ వాడేది టీసీపీ, అంటే ముందు కనెక్షన్ కుదుర్చుకుని డేటా పంపే పద్ధతి. క్లౌడ్‌లో పెట్టిన సర్వర్లు చాలావాటికి ఐసీఎంపీ బయట నుంచి రానివ్వరు, అమెజాన్ క్లౌడ్‌లో కొత్తగా సెక్యూరిటీ గ్రూప్ (ఏది లోపలికి రానివ్వాలో చెప్పే రూల్స్) తయారుచేస్తే మీరు ప్రత్యేకంగా రూల్ పెడితే తప్ప పింగ్‌కి జవాబే రాదు. అంటే పింగ్ రాలేదని సర్వర్ పడిపోయినట్టు కాదు, పింగ్ వచ్చిందని మీక్కావాల్సిన పోర్టు (మెషీన్‌లో ఒక్కో సర్వీస్‌కి ఉండే నంబర్ గుమ్మం) తెరిచి ఉన్నట్టూ కాదు. గంటసేపు పింగ్ చేసి "సర్వర్ డౌన్" అని టికెట్ రాసి పంపేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అవతలి టీమ్ దాన్ని ఒక్క నిమిషంలో మూసేసి వెనక్కి పంపిస్తుంది, అసలు సమస్య అలాగే ఉంటుంది.

కర్ల్ పుట్టుక గురించి రెండు ముక్కలు. స్వీడన్‌కి చెందిన డానియెల్ స్టెన్‌బర్గ్ 1998 మార్చిలో ఈ పేరుతో మొదటి వెర్షన్ వదిలాడు, అంతకు ముందు వేరే పేర్లతో ఉండేది, మొదట్లో అతనికి కావాల్సిందల్లా చాట్‌లో వాడే ఒక బాట్‌కి కరెన్సీ రేట్లు తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాం. ఇప్పటికీ ఆయనే ముందుండి నడిపిస్తున్నాడు. 2017లో స్వీడన్‌లో సాంకేతిక రంగానికిచ్చే పోల్‌హెమ్ బహుమతి కూడా ఆయనకి ఇచ్చారు. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. మ్యాక్‌లో ఎప్పట్నించో వస్తోంది, విండోస్ 10లో 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి దానంతట అదే ఉంటోంది, లినక్స్‌లో లేకపోతే ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది. కస్టమర్ మెషీన్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని చోట ఇది ఎంత పెద్ద విషయమో ఆ పని చేసినవాళ్లకి తెలుసు.

సరే, అసలు సంగతి. ఒక కనెక్షన్ కుదరాలంటే వరసగా కొన్ని పనులు జరగాలి. సైట్ పేరుకి ఐపీ అడ్రస్ (మెషీన్ నంబర్) దొరకాలి. ఆ అడ్రస్‌లో ఆ పోర్టు దగ్గర టీసీపీ కనెక్షన్ కుదరాలి. తర్వాత టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (మాటలు రహస్యంగా ఉండేలా కుదుర్చుకోవడం), అందులోనే సర్టిఫికెట్ తనిఖీ, అంటే అవతలిది నిజంగా ఆ సైటేనా అని చూడటం. ఆ తర్వాతే మనం అడిగేది అడగడం, వాళ్లు ఇచ్చేది ఇవ్వడం. బ్రౌజర్‌కి వీటిలో ఏది చెడినా చూపించేది దాదాపు ఒకలాంటి పేజీయే. కర్ల్‌కి డాష్ వి తగిలిస్తే (డాష్ అంటే మైనస్ గుర్తు, దాని తర్వాత ఇంగ్లీష్ అక్షరం చిన్నదే కొట్టాలి, ఇక్కడ చెప్పేవన్నీ అంతే) ఈ మెట్లన్నీ ఒక్కొక్క లైనుగా కళ్ల ముందు పడతాయి, ఏ లైను దగ్గర ఆగిందో అదే మీ సమస్య ఉన్న చోటు. చివర్లో ఒక నంబర్ కూడా ఇస్తుంది. 6 అంటే పేరు దొరకలేదు, 7 అంటే కనెక్ట్ కాలేకపోయింది, 28 అంటే టైమౌట్, 35 అంటే టీఎల్‌ఎస్ దగ్గర చెడింది, 60 అంటే సర్టిఫికెట్‌ని నమ్మలేకపోతోంది. ఈ ఐదూ నోటికొస్తే సగం ఫోన్ కాల్స్‌లో మీరు మెషీన్ ముట్టుకోకుండానే దారి చెప్పగలరు.

వీటిలో 7కీ 28కీ ఉన్న తేడాని ఎంత నొక్కి చెప్పినా తక్కువే. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వచ్చిందంటే మీ ప్యాకెట్ అవతలి మెషీన్ దాకా వెళ్లింది, అక్కడ ఆ పోర్టులో వినేవాళ్లెవరూ లేరు కాబట్టి వద్దని జవాబు వచ్చింది. దారి బాగానే ఉంది, సర్వీస్ లేదు, లేదా సర్వీస్ ఉంది గానీ 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే ఆ మెషీన్ తనకి తానే) మీద మాత్రమే వింటోంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కొత్తగా వేసినవాళ్లందరికీ ఇది ఎదురవుతుంది, ఎందుకంటే డిఫాల్ట్‌గా అది లోకల్‌హోస్ట్ మీదే వింటుంది, బయట నుంచి వచ్చేవాళ్లకి రెఫ్యూజ్డ్ అనే వస్తుంది. ఆ సర్వర్‌లోకి వెళ్లి ఎస్‌ఎస్ కమాండ్‌తో ఏ అడ్రస్ మీద వింటోందో చూస్తే తేలిపోతుంది. అదే టైమౌట్ అనుకోండి, మీరు పంపింది పోయింది, జవాబు మాత్రం లేదు. చాలాసార్లు మధ్యలో ఏదో ఫైర్‌వాల్ (రూల్స్ ప్రకారం ప్యాకెట్లని ఆపే కాపలా) మాట్లాడకుండా ప్యాకెట్‌ని పడేస్తోందని అర్థం. క్లౌడ్ సెక్యూరిటీ గ్రూపులు చేసేది అదే. కాబట్టి టైమౌట్ వస్తే సర్వీస్‌ని రీస్టార్ట్ చేయడం దండగ, ఫైర్‌వాల్ రూల్స్ చూడాలి. రెఫ్యూజ్డ్ వస్తే ఫైర్‌వాల్ వాళ్లని నిద్రలేపడం సాధారణంగా దండగ, సర్వీస్ నడుస్తోందో లేదో చూడాలి. ఇంకొకటుంది, "నో రూట్ టు హోస్ట్" అని వస్తుంది, రూటింగ్ పోయిందేమోనని అందరూ రూటర్ల మీద పడతారు, కానీ రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్ (ఇవి లినక్స్ రకాలు) మెషీన్లలో ఉండే ఫైర్‌వాల్ ఒక పోర్టుని వద్దన్నప్పుడు కూడా అవతలివాళ్లకి కనపడేది ఇదే మెసేజ్. పోర్టు 22కి వెళ్తూ 8080కి మాత్రం నో రూట్ అంటోందంటే రూటింగ్ సంగతి మర్చిపోండి, అది ఫైర్‌వాలే.

వెబ్ సర్వర్ కాని వాటికి కూడా ఇదే పనికొస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీ బదులు టెల్‌నెట్ అని పెట్టి, చివర్లో పోర్టు నంబర్ ఇచ్చి డాష్ వి కొట్టండి, "కనెక్టెడ్" అని వస్తే టీసీపీ వరకు అంతా బాగున్నట్టే, కంట్రోల్ సి కొట్టి బయటికి రండి. విండోస్‌లో టెల్‌నెట్ ప్రోగ్రాం డిఫాల్ట్‌గా ఆన్ చేసి ఉండదు కదా, అక్కడ ఇది బాగా ఆదుకుంటుంది. కాకపోతే రెడ్‌హ్యాట్ 9 వరసలో వచ్చే కర్ల్ మినిమల్ అనే ప్యాకేజీలో టెల్‌నెట్ తీసేశారు, అక్కడ ఎన్‌సీ (నెట్‌క్యాట్) అనే ఇంకో టూల్ వాడుకోవాలి.

పేర్ల దగ్గరికొద్దాం. "కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్" వస్తే అందరూ డిగ్ అనే కమాండ్ కొడతారు, డిగ్ చక్కగా ఐపీ చూపిస్తుంది, కర్ల్ మాత్రం దొరకలేదంటుంది, అప్పుడు కర్ల్‌లో బగ్ ఉందనుకుంటారు. డిగ్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌ని (పేర్లకి ఐపీలు చెప్పేది) అడుగుతుంది, మీ మెషీన్‌లో ఉన్న హోస్ట్స్ ఫైల్‌ని (పేరు, ఐపీ చేత్తో రాసుకునే ఫైల్) అది చూడదు. కర్ల్ మీ సిస్టమ్ వాడే దారినే వాడుతుంది, ముందు హోస్ట్స్ ఫైల్, తర్వాత డీఎన్‌ఎస్, అంటే మీ అప్లికేషన్ ఏం చూస్తోందో దాదాపు అదే చూస్తుంది. అందుకే ఈ విషయంలో నేను కర్ల్ మాటే నమ్ముతాను. ఎప్పుడో టెస్టింగ్ కోసం హోస్ట్స్ ఫైల్‌లో రాసి మర్చిపోయిన పాత ఐపీ లైన్లు ఎన్ని కొంపలు ముంచాయో. డాష్ వి కొడితే ఏ ఐపీకి వెళ్తోందో "ట్రయింగ్" అనే లైన్‌లో కనపడుతుంది, మీరనుకున్న ఐపీ అదేనా కాదా అని ముందు అది చూడండి, తర్వాతే మిగతావి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆప్షన్, డాష్ డబ్ల్యూ. కనెక్షన్ ఫెయిల్ కాకుండా నత్తనడక నడుస్తున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. టైమ్ నేమ్‌లుకప్, టైమ్ కనెక్ట్, టైమ్ యాప్‌కనెక్ట్ (టీఎల్‌ఎస్ పూర్తయ్యేదాకా), టైమ్ స్టార్ట్‌ట్రాన్స్‌ఫర్ (మొదటి బైట్ వచ్చేదాకా), టైమ్ టోటల్ అని కొన్ని పేర్లున్నాయి, వాటిని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టుకుని డాష్ డబ్ల్యూకి ఆ ఫైల్ ఇస్తే ఏ మెట్టు ఎన్ని సెకన్లకి పూర్తయిందో వచ్చేస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఇవన్నీ మొదటి నుంచి లెక్కేసినవి, కాబట్టి కనెక్ట్‌కి విడిగా ఎంత పట్టిందో తెలియాలంటే దాంట్లోంచి నేమ్‌లుకప్ తీసేయాలి. ఉదాహరణకి నేమ్‌లుకప్ 5.01, కనెక్ట్ 5.03, యాప్‌కనెక్ట్ 5.08, టోటల్ 5.2 అని వచ్చిందనుకోండి. వెబ్‌సైట్ స్లో, సర్వర్ పెంచాలి, డేటాబేస్ ట్యూన్ చేయాలి అని మీటింగులు నడుస్తుంటాయి, కానీ ఈ అంకెలు చెప్పేదేంటంటే సర్వర్ తన పని రెప్పపాటులో చేసేసింది, ఐదు సెకన్లూ పేరు వెతకడంలోనే పోయాయి. ఆ 5 అన్న అంకె ఊరికే రాలేదు. లినక్స్‌లో ఒక డీఎన్‌ఎస్ సర్వర్ జవాబివ్వకపోతే రెండోదాన్ని అడిగే ముందు ఆగే డిఫాల్ట్ సమయం 5 సెకన్లు. అంటే రిజాల్వ్ కాన్ఫ్ అనే ఫైల్‌లో మొదట రాసిన నేమ్‌సర్వర్ (అంటే డీఎన్‌ఎస్ సర్వర్) చచ్చిపోయి ఉంది, ప్రతి కొత్త కనెక్షనూ దాని కోసం ఐదు సెకన్లు ఎదురుచూసి రెండోదాని దగ్గరికి పోతోంది. ఆ ఒక్క లైను తీసేస్తే చాలు. 5కి కొంచెం పైన అంకె ఎక్కడ కనిపించినా నేను ముందు డీఎన్‌ఎస్ వైపే చూస్తాను, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

డాష్ వి ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పడానికి ఒక కేసు మొత్తం చెప్తాను. రాజమండ్రిలో ఉండే మా బాబాయి కొడుకు ఇంటికి కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాడు. "అన్నయ్యా, యూట్యూబ్ వస్తోంది, అన్నీ వస్తున్నాయి, మా ఆఫీస్ సైట్ ఒక్కటే రావట్లేదు, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే మాత్రం వస్తోంది" అని ఒకటే టెన్షన్, ఇంటి నుంచి పని మరి. ఆఫీస్ వాళ్లు మీ నెట్ బాలేదన్నారు, నెట్ వాళ్లు స్పీడ్ టెస్ట్ చూపించి మా తప్పేం లేదన్నారు. వాడిది ఉబుంటు ల్యాప్‌టాప్. కర్ల్ డాష్ వి కొట్టి ఏ లైను దాకా వచ్చిందో చదవమన్నాను. "ట్రయింగ్" వచ్చింది, ఐపీ సరైనదే. "కనెక్టెడ్ టు" అని కూడా వచ్చింది. తర్వాత "టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్, క్లయింట్ హలో" అని ఒక లైను. ఇక అంతే, కర్సర్ మినుకుమినుకుమంటూ అక్కడే ఉంది.

ఆ ఆగిన చోటు చాలా చెప్తుంది. చిన్న ప్యాకెట్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి, కాబట్టే టీసీపీ కుదిరింది. క్లయింట్ హలోకి జవాబుగా సర్వర్ తన సర్టిఫికెట్లన్నీ పంపాలి, అవి పెద్దవి, ప్యాకెట్లు నిండుగా 1500 బైట్లుంటాయి. అవి మాత్రం రావట్లేదు. ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి పీపీపీఓఈ వాడతారు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రూటర్‌లో ఎక్కించేది దానికే, అది ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తనకి తీసుకుంటుంది, మిగిలేది 1492. అంతకన్నా పెద్ద ప్యాకెట్ వస్తే మధ్యలో ఉన్న రూటర్ "ఇది పట్టదు, చిన్నది చేసి పంపు" అని ఐసీఎంపీ మెసేజ్‌ని సర్వర్‌కి పంపుతుంది. ఐసీఎంపీ అంటేనే ప్రమాదం అనుకుని మొత్తం మూసేసిన ఫైర్‌వాల్ అవతల ఉంటే ఆ మెసేజ్ సర్వర్‌కి చేరదు, సర్వర్ మళ్లీమళ్లీ అదే సైజులో పంపుతూనే ఉంటుంది, మనవాడు చూస్తూనే ఉంటాడు. తేల్చుకోడానికి ఇక్కడ పింగ్ పనికొచ్చింది, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 1464 బైట్లు పంపితే జవాబొచ్చింది, 1472 పంపితే రాలేదు. 1464కి హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1492. రూటర్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో చెప్పే అంకె) చూస్తే 1500 అని ఉంది. దాన్ని 1492 చేసి సేవ్ కొట్టగానే ఆఫీస్ సైట్ తెరుచుకుంది. రెండు కంపెనీల హెల్ప్‌డెస్క్‌లు ఒకరి మీద ఒకరు తోసుకున్న సమస్యకి మూలం ఆ ఒక్క అంకెలో ఉంది. వీపీఎన్ వాడేటప్పుడు కూడా ఇదే వస్తుంటుంది, వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో ఎంటీయూ మామూలుగా 1420 ఉంటుంది, దాని కింద లింక్ ఇంకా చిన్నదైతే మళ్లీ ఇదే కథ. "లాగిన్ అవుతోంది గానీ పేజీ రావట్లేదు", "ఎస్‌ఎస్‌హెచ్ కలుస్తోంది గానీ పెద్ద ఫైల్ చూడబోతే ఆగిపోతోంది" అన్న మాటలు వినపడితే ముందు ఎంటీయూనే అనుమానించండి.

ఐపీవీ4, ఐపీవీ6 (ఐపీ అడ్రస్‌లలో పాత రకం, కొత్త రకం) గొడవ కూడా కర్ల్‌తో సులువుగా తేలుతుంది. మన దగ్గర మొబైల్ డేటా ఎక్కువగా ఐపీవీ6 మీదే నడుస్తోంది, ఇంటి నెట్‌లో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉన్నట్టే ఉండి పనిచేయదు. బ్రౌజర్ రెండూ ప్రయత్నించి ఏది ముందు కుదిరితే దాంతో వెళ్లిపోతుంది కాబట్టి ఒకటి చెడిపోయిన సంగతి బయటపడదు, కర్ల్ కూడా మామూలుగా అంతే. కానీ డాష్ 4 ఒకసారి, డాష్ 6 ఒకసారి పెట్టి కొడితే ఏది ఆగిపోతోందో తేటతెల్లం. అప్పుడప్పుడూ రావడం, అప్పుడప్పుడూ రాకపోవడం అన్న మాయరోగాల్లో చాలావాటికి మందు ఇక్కడుంది.

సర్టిఫికెట్ల విషయంలో నాకు కొంచెం కోపం కూడా ఉంది, టూల్ మీద కాదు, దాన్ని వాడే పద్ధతి మీద. "బ్రౌజర్‌లో సైట్ బాగానే వస్తోంది, కర్ల్ మాత్రం 60 ఎర్రర్ ఇస్తోంది" అనగానే పక్కనున్నవాళ్లు డాష్ కె పెట్టుకో అని సలహా ఇచ్చేస్తారు. డాష్ కె అంటే తనిఖీ మానేయమని చెప్పడం. అవతల ఎవరున్నా సరే పాస్‌వర్డ్ ఇచ్చేస్తానని ఒప్పుకోవడం. ఆ డాష్ కె స్క్రిప్ట్‌లోకి ఎక్కి ప్రొడక్షన్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నిజానికి చాలా సందర్భాల్లో జరిగేది ఏంటంటే సర్వర్‌లో సర్టిఫికెట్ పెట్టినవాళ్లు మధ్యలో ఉండాల్సిన ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (సైట్ సర్టిఫికెట్‌ని అందరూ నమ్మే సంస్థ దాకా కలిపే లింకు) పెట్టడం మర్చిపోతారు. బ్రౌజర్లు దాన్ని ఎక్కడి నుంచో తెచ్చుకునో, తమ దగ్గర ముందే ఉన్నదాంతోనో సర్దుకుపోతాయి. లినక్స్‌లో కర్ల్ సర్దుకుపోదు, "అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్" అని నిజం చెప్పేస్తుంది. దానికి సరైన మందు సర్వర్‌లో పూర్తి చైన్ పెట్టించడం. మెసేజ్ "నాట్ యెట్ వాలిడ్" అని వస్తే మాత్రం సర్వర్‌ని వదిలేసి మీ మెషీన్ గడియారం చూసుకోండి, బోర్డు మీద బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్‌లు తేదీ ఎక్కడికో వెనక్కి పోయి ఇలాగే చెప్తాయి.

కొత్త సర్వర్‌కి మారేటప్పుడు డాష్ డాష్ రిజాల్వ్ ఆప్షన్ బంగారం. డీఎన్‌ఎస్ మార్చకముందే, ఈ పేరుకి ఈ పోర్టులో ఈ ఐపీ అనుకో అని కర్ల్‌కి చెప్పొచ్చు, పేరు మారదు కాబట్టి సర్టిఫికెట్ తనిఖీ కూడా నిజమైన పేరుతోనే జరుగుతుంది. అందరికీ మార్చేశాక రాత్రంతా కూర్చుని బాధపడే బదులు ముందు రోజు మధ్యాహ్నమే తీరిగ్గా చూసుకోవచ్చు. లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే పనిని చాలా మెషీన్లకి పంచేది) వెనక ఉన్న మెషీన్లలో ఒక్కటే చెడిందేమోనని అనుమానం ఉంటే ఒక్కో ఐపీ ఇచ్చి విడివిడిగా అడగొచ్చు.

ప్రాక్సీ (మన తరఫున బయటికి వెళ్లే మధ్యవర్తి సర్వర్) గురించి ఒక్క మాట. ఆఫీస్‌లో పనిచేసి ఇంట్లో పనిచేయని, లేదా ఇంట్లో పనిచేసి ఆఫీస్‌లో పనిచేయని ల్యాప్‌టాప్‌లలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (ప్రోగ్రాములు చదువుకునే సిస్టమ్ సెట్టింగ్) పాత ప్రాక్సీ ఒకటి మిగిలిపోయి ఉంటుంది. డాష్ వి పెడితే కర్ల్ మొదటి లైన్లలోనే ఫలానా ప్రాక్సీ వాడుతున్నానని చెప్పేస్తుంది. ఇక్కడో చిక్కుంది: హెచ్‌టీటీపీ ప్రాక్సీ వేరియబుల్‌ని చిన్న అక్షరాల్లో రాస్తేనే కర్ల్ తీసుకుంటుంది, పెద్ద అక్షరాల్లో రాస్తే పట్టించుకోదు, అది భద్రత కోసం కావాలని చేసింది. వేరే ప్రోగ్రాములు పెద్ద అక్షరాలవి కూడా తీసుకుంటాయి. అందుకని కర్ల్ వెళ్తోంది, మిగతావి వెళ్లట్లేదు అన్నప్పుడు రెండు రకాలుగానూ ఉన్నాయేమో చూడాలి.

ఇక లోపాలు. మాన్యువల్ భయంకరంగా పెద్దది, ఆప్షన్లు 250కి పైనే ఉంటాయి, కొత్తవాళ్లు దాన్ని తెరిచి మూసేస్తారు. దాంట్లోంచి నెట్‌వర్క్ సమస్యలకి కావాల్సినవి ఓ పది మాత్రమే అని అక్కడ ఎవరూ చెప్పరు. కనెక్ట్ కోసం ఎదురుచూసే డిఫాల్ట్ సమయం ఐదు నిమిషాలు, ఇది మరీ ఎక్కువ, స్క్రిప్ట్‌లో పెడితే ఒక్క చచ్చిన సర్వర్ మొత్తం పనిని ఆపేస్తుంది, అందుకని డాష్ డాష్ కనెక్ట్ టైమౌట్ 5 అని ఎప్పుడూ పెట్టుకోండి. సర్వర్ 404 (పేజీ లేదు) ఇచ్చినా 503 (సర్వీస్ అందుబాటులో లేదు) ఇచ్చినా కర్ల్ దృష్టిలో అది విజయమే, ఎగ్జిట్ కోడ్ (పైన చెప్పిన చివరి నంబర్) సున్నా వస్తుంది. నెట్‌వర్క్ కోణంలో అది న్యాయమే, 503 వచ్చిందంటే దారి అంతా బాగున్నట్టే కదా, కానీ మానిటరింగ్ స్క్రిప్ట్ రాసేవాళ్లు డాష్ ఎఫ్ పెట్టకపోతే సైట్ పడిపోయినా పచ్చలైటే చూపిస్తుంది. విండోస్‌లో రెండు చికాకులున్నాయి. పాత పవర్‌షెల్ 5.1లో కర్ల్ అని కొడితే అసలు కర్ల్ రాదు, ఇన్వోక్ వెబ్ రిక్వెస్ట్ అనే వేరే కమాండ్ నడుస్తుంది, ఆప్షన్లేవీ పనిచేయక జనం జుట్టు పీక్కుంటారు, చివర డాట్ ఈఎక్స్‌ఈ అని కూడా కొట్టాలి. రెండోది, విండోస్ కర్ల్ టీఎల్‌ఎస్ కోసం విండోస్ సొంత ఎస్‌చానల్‌ని వాడుతుంది, లినక్స్‌లో కనపడే క్లయింట్ హలో, సర్వర్ హలో లైన్లు అక్కడ అంత వివరంగా రావు, నేను పైన చెప్పిన ఎంటీయూ కేసు విండోస్‌లో అయ్యుంటే పట్టుకోడానికి ఇంకాస్త టైమ్ పట్టేది. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే నడిచే లినక్స్) ఉంటే దాంట్లోంచి కొట్టడం మేలు.

డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే టూల్) వాడేవాళ్లకి వేరే తిప్పలు. కంటైనర్‌లో ప్రోగ్రాం 127.0.0.1 మీద వింటుంటే బయట పోర్టు మ్యాప్ చేసినా ఉపయోగం ఉండదు, అదే మెషీన్ నుంచి లోకల్‌హోస్ట్‌కి కర్ల్ కొడితే కనెక్ట్ అయినట్టే అయ్యి "ఎంప్టీ రిప్లై" అనో "కనెక్షన్ రీసెట్" అనో వస్తుంది, 52 లేదా 56 కోడ్. ప్రోగ్రాం 0.0.0.0 (అంటే అన్ని అడ్రస్‌లూ) మీద వినేలా మారిస్తే పోతుంది. మామూలు రెఫ్యూజ్డ్ రాకపోవడానికి కారణం మధ్యలో డాకర్ తానే కనెక్షన్ అందుకుని లోపలికి ఇవ్వబోవడం.

దీంతో కాని పనులు కూడా ఉన్నాయి. దారిలో ఎక్కడ ప్యాకెట్లు పోతున్నాయో కర్ల్ చెప్పలేదు, దానికి ఎంటీఆర్ (దారిలోని ఒక్కో రూటర్‌నీ చూపించే టూల్) వాడాలి, అది కూడా టీసీపీ మోడ్‌లో మీ పోర్టు నంబర్ ఇచ్చి వాడితే మంచిది. ఎంటీఆర్ చూసేటప్పుడు మధ్యలో ఒక రూటర్ దగ్గర 60 శాతం లాస్ అని కనపడి, చివరి లైనులో సున్నా ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ రూటర్ తన పని మీదుండి మనకి జవాబులు తక్కువ ఇస్తోందంతే. లాస్ ఒక చోట మొదలై చివరి దాకా కొనసాగితేనే అది నిజమైన లాస్. యూడీపీ (కనెక్షన్ కుదుర్చుకోకుండానే పంపేసే పద్ధతి) మీద నడిచే వాయిస్ కాల్స్, గేమ్స్ లాంటి వాటికి కర్ల్ దాదాపు పనికిరాదు. రెండు వైపులా అందరూ మా తప్పు కాదంటే చివరికి టీసీపీడంప్ పెట్టి రెండు చోట్లా ప్యాకెట్లు పట్టుకోవడం తప్ప గతి లేదు. కానీ ఆ పెద్ద టూల్ ఎక్కడ పెట్టాలో, ఏ పోర్టు మీద పెట్టాలో తెలియాలన్నా ముందు కర్ల్ చెప్పిన మెట్టు తెలియాలి.

ఐదు నక్షత్రాలకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది ఐదు నిమిషాల డిఫాల్ట్ టైమౌట్‌కీ, కొత్తవాళ్లని బెదరగొట్టే మాన్యువల్‌కీ.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. డాష్ వి ఇచ్చే ఔట్‌పుట్‌లో మీరు పంపిన హెడర్లు కూడా ఉంటాయి, అంటే ఆథరైజేషన్ అని ఉన్న లైన్‌లో మీ టోకెనో పాస్‌వర్డో అలాగే కనపడుతుంది, కుకీలు కూడా. బేసిక్ అని ఉన్న చోట గజిబిజిగా కనిపించే అక్షరాలు ఎన్‌క్రిప్ట్ చేసినవి కావు, బేస్ 64 మాత్రమే, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. కాబట్టి ఆ ఔట్‌పుట్‌ని టీమ్ గ్రూప్‌లోనో టికెట్‌లోనో పెట్టే ముందు ఆ లైన్లు తీసేయండి, ఇప్పటికే ఎక్కడైనా పెట్టేసి ఉంటే మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోకుండా ఆ టోకెన్ మార్చేయండి.